విశ్వానికి క్లైమాక్స్ ఎలా ఉంటుంది?

ఫిల్మ్‌నగర్‌కు ప్రళయం కొత్త కాదు. 2024లో నాగ్ అశ్విన్ తీసిన ‘కల్కి 2898 ఏడీ’లో గంగ ఎండిపోయి, కాశీ ఒక్కటే మిగిలింది. కానీ అది భూమికి వచ్చిన కష్టం. మరి విశ్వమే ముగిసిపోతే?

గెలాక్సీలు ఒకదానికొకటి దూరమవుతున్నాయని 1929లో ఎడ్విన్ హబుల్ చూపించాడు. గురుత్వాకర్షణ పట్టి లాగుతుంది కదా, ఆ వేగం తగ్గుతూ ఉండాలి అనుకున్నారు. 1998లో రెండు బృందాలు ఎక్కడో పేలిన నక్షత్రాల వెలుగును కొలిచాయి. అది అనుకున్నదానికంటే మసగ్గా ఉంది. అంటే అవి ఇంకా దూరంగా ఉన్నాయి, వేగం పెరుగుతోంది! ఈ తోసే శక్తి ఏమిటో నేటికీ అంతుపట్టలేదు. పేరు మాత్రం పెట్టేశారు: డార్క్ ఎనర్జీ.

అది ఇలాగే కొనసాగితే కొత్త నక్షత్రాలకు వాయువు అయిపోతుంది. సుమారు కోటి కోట్ల ఏళ్లకు చివరి నక్షత్రాలూ ఆరిపోయి, అంతా చలి, చీకటి. ఎక్కువమంది శాస్త్రవేత్తలు నమ్మేది దీన్నే. ఆ శక్తి పెరుగుతూ పోతే అణువులు సైతం చీలిపోతాయి (గ్రాఫిక్స్ వాళ్లకు పండగే). బలహీనపడి తిరగబడితే అంతా ముడుచుకుపోతుంది.

కంగారేం లేదు. జూబ్లీహిల్స్ బండరాళ్ల వయసు సుమారు 250 కోట్ల ఏళ్లు. సూర్యుడికి ఇంకా 500 కోట్ల ఏళ్లకు సరిపడా ఇంధనం ఉంది. ఈలోగా ఓ ఆదివారం నౌబత్ పహాడ్ మీదున్న బిర్లా ప్లానెటేరియం చూసి రండి.