సి పుస్తకంతో సి++ ఎంతవరకు నేర్చుకోవచ్చు?

మీకు సి++ పుస్తకం దొరకలేదు, ఇంట్లో అన్నయ్యో అక్కయ్యో చదివిన సి పుస్తకం ఉంది అనుకుందాం. దానితో మొదలుపెట్టవచ్చా? పెట్టవచ్చు. కానీ అందులో ఏ అధ్యాయాన్ని నమ్మాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో ముందే తెలిసి ఉండాలి.

బ్యార్నె స్ట్రౌస్ట్రప్ 1979లో బెల్ ల్యాబ్స్‌లో సి భాషకు క్లాసులు చేర్చే పని ప్రారంభించారు. 1983లో ఆ భాషకు సి++ అనే పేరు వచ్చింది. అందువల్ల ఇఫ్, ఫర్, వైల్, ఆపరేటర్లు, అర్రేలు, పాయింటర్లు మీరు సి పుస్తకం నుంచే నేర్చుకోవచ్చు. పాయింటర్లను ఓపికగా వివరించడంలో పాత సి పుస్తకాలే మెరుగని నా అభిప్రాయం.

ఇక తేడాలు. కొన్నింటిని కంపైలరే పట్టుకుంటుంది. మెమరీ కోసం పిలిచే మాలాక్ ఫంక్షన్ ఇచ్చిన చిరునామాను సిలో నేరుగా ఇంట్ పాయింటర్‌లో ఉంచవచ్చు. సి++లో టైపు మార్పిడిని స్పష్టంగా రాయాలి, లేకపోతే ఎర్రర్ వస్తుంది. క్లాస్, న్యూ అని వేరియబుళ్లకు పేర్లు పెట్టినా అంతే. వీటికి భయపడనక్కరలేదు.

కంపైలర్ ఊరుకునే తేడాలతోనే చిక్కు. సింగిల్ కోట్స్‌లోని ఒక అక్షరం సిలో ఇంట్ రకం, సి++లో క్యారెక్టర్ రకం. దాని సైజ్‌ఆఫ్ అడిగితే మన కంప్యూటర్లలో సాధారణంగా సి 4 అని, సి++ 1 అని చెబుతాయి. ఇది చిన్న విషయమే. ఇప్పుడు పేరును స్ట్రింగ్‌గా దాచుకునే 'విద్యార్థి' అనే క్లాస్‌ను తీసుకోండి. సి పుస్తకం చూసి మీరు దాని ఆబ్జెక్ట్‌కు మాలాక్‌తో చోటు తీసుకున్నారు, టైపు మార్పిడి కూడా రాశారు. ప్రోగ్రాం కంపైల్ అవుతుంది. అయితే మాలాక్ ఇచ్చింది ఖాళీ స్థలమే. కన్‌స్ట్రక్టర్ నడవలేదు, లోపలి స్ట్రింగ్ తయారు కాలేదు. అందులో పేరు రాయబోతే ఏమవుతుందో భాషా ప్రమాణం ఏ హామీ ఇవ్వదు. ఇంట్లో నాలుగుసార్లు సరిగా నడిచిన ప్రోగ్రాం ప్రాక్టికల్ పరీక్ష రోజున మధ్యలో ఆగిపోవచ్చు, కారణం ఎంత వెతికినా కనిపించదు.

న్యూ అయితే స్థలం తీసుకోవడంతో పాటు కన్‌స్ట్రక్టర్‌ను కూడా పిలుస్తుంది. న్యూతో తీసుకున్నదాన్ని డిలీట్‌తోనే విడుదల చేయాలి, ఫ్రీ వాడకూడదు. (అర్రేల కోసం సి++లో వెక్టర్ ఉంది. అది వాడితే ఈ రెండూ మీరు రాయనక్కరలేదు.)

కాబట్టి సి పుస్తకంలోని ఉదాహరణను సి++ ఫైలులోకి ఎక్కించేటప్పుడు మాలాక్ కనిపించిన ప్రతిచోటా ఆగి, ఆ స్థలంలోకి వచ్చేది ఇంట్ వంటి మామూలు విలువా, క్లాస్ ఆబ్జెక్టా అని చూడండి.