స్కానింగ్ డేటు ఎందుకు అంత దూరం?

పెద్దాసుపత్రి ఓపీలో డాక్టరు ఎంఆర్ఐ రాసిన రోజుకూ, రిపోర్టు ఆయన బల్ల మీదికి చేరే రోజుకూ మధ్య వారాలు గడవడం మామూలైపోయింది. అందులో రోగి యంత్రం లోపల ఉండేది సాధారణంగా 20 నుంచి 45 నిమిషాలు. సీటీ అయితే అసలు చిత్రీకరణ సెకన్లలో ముగుస్తుంది. మిగతా కాలమంతా యంత్రానికి ముందో వెనకో పోతుంది. అందుకే కోట్లు పోసి మరో యంత్రం కొన్నంత మాత్రాన క్యూ తరగదు.

ముందు జరిగే నష్టం కంటికి ఆనదు. కాంట్రాస్టు మందు ఎక్కించి తీయాల్సిన స్కాన్‌కు ఒకరు పరగడుపున, తెల్లవారుజామున బస్సెక్కి వస్తారు. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ పరీక్ష చేయించుకోమని ఎవరూ చెప్పి ఉండరు. రక్తం ఇచ్చి, ఫలితం వచ్చేసరికి ఆయన వంతు దాటిపోతుంది. మరొకరికి గుండెలో పేస్‌మేకర్ ఉన్న సంగతి ఎంఆర్ఐ గది గుమ్మం దగ్గర బయటపడుతుంది. అది ఏ రకానిదో తేలే దాకా లోపలికి పంపకూడదు. ఈలోగా యంత్రం ఖాళీగా ఉంటుంది, బయట బెంచీలు నిండి ఉంటాయి. స్కాన్ రాసిన రోజే ఓపీలో రక్తపరీక్ష చేయించి, ఒంట్లో లోహపు భాగాలేమైనా ఉన్నాయా అని అడిగి రాసుకుని, ముందురోజు ఫోన్ చేసి గుర్తుచేస్తే ఈ నష్టం చాలావరకు ఆగుతుంది. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. మొదట చేయాల్సిన పని ఇదే.

గర్భిణుల అల్ట్రాసౌండ్‌కు మరో నియమం ఉంది. లింగనిర్ధారణను అరికట్టే 1994 నాటి చట్టం ప్రకారం ప్రతి స్కాన్‌కూ ఫారం-ఎఫ్ నింపాలి. ఆడపిల్లల ప్రాణాలకు కాపలా కాసే నియమమిది, సడలించకూడదు. అయితే పేరు, వయసు, చిరునామా వంటి వివరాలను బయట కూర్చున్నప్పుడే రాయించవచ్చు.

డేట్లు ఇచ్చే పద్ధతిలోనూ చిక్కుంది. రోజంతా ఒక్క ఖాళీ లేకుండా నింపేస్తే, క్యాజువాలిటీ నుంచి తలకు దెబ్బ తగిలిన మనిషి రాగానే మిగతా అందరూ వెనక్కి జరుగుతారు. పక్షవాతం అనుమానమున్నవారికి ప్రతి నిమిషమూ విలువైనదే, వారిని ఆపలేం. కాబట్టి అత్యవసరాలకు రోజూ కొంత సమయం విడిగా ఉంచాలి. మామూలు కేసులను సాయంత్రాలకూ సెలవు రోజులకూ విస్తరించాలి, అందుకు తగ్గ టెక్నీషియన్లను నియమించాలి.

ఇంగ్లండ్ అత్యవసర, మామూలు పరీక్షలను ఏకంగా వేర్వేరు చోట్లకు మార్చింది. అక్కడి ప్రభుత్వ వైద్యసేవలో ఆరు వారాలు దాటి ఎదురుచూసేవారు నూటికి ఒక్కరికి మించకూడదన్నది ప్రమాణం. కోవిడ్ దానిని తలకిందులు చేసింది. వైద్య నిపుణుడు మైక్ రిచర్డ్స్ 2020లో ఇచ్చిన నివేదిక మేరకు 2021 నుంచి ఊళ్లలో, షాపింగ్ సముదాయాల్లో కూడా పరీక్షా కేంద్రాలు తెరిచారు. తెలంగాణ డయాగ్నొస్టిక్స్ 2018లో మరో దారి పట్టింది: బస్తీ దవాఖానాల్లో తీసిన నమూనాలు హైదరాబాద్ నారాయణగూడలోని ల్యాబుకు వెళ్తాయి, రోగి తిరగనక్కర్లేదు. కానీ స్కానింగ్‌కు మనిషే రావాలి గనుక యంత్రమే ఊరికి దగ్గరవ్వాలి.

అవసరం లేని స్కాన్లు తగ్గించడమూ క్యూ తగ్గించడమే. మామూలు నడుమునొప్పి చాలామందికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. కాళ్ల బలహీనత, మూత్రం మీద అదుపు తప్పడం, జ్వరం, పాత క్యాన్సర్ వంటివి ఉన్నప్పుడు ఎంఆర్ఐ ఆలస్యం చేయకూడదు. అవేవీ లేకుండా తొలివారంలోనే తీయిస్తే ఆ వంతు అవసరమున్నవారికి దక్కకుండా పోతుంది.

చివరి ఆలస్యం రిపోర్టుది. ఫిల్ము చేతికొచ్చినా చదివే రేడియాలజిస్టు లేకపోతే వైద్యం మొదలవదు. చిత్రాలను కంప్యూటర్లో భద్రపరిచి నెట్ ద్వారా పంపితే జిల్లా ఆసుపత్రి స్కాన్‌ను మరో నగరంలోని నిపుణులు చదవగలరు. మెదడులో రక్తస్రావం, క్యాన్సర్ గడ్డ వంటివి కనిపిస్తే మాత్రం రాతపూర్వక రిపోర్టు కోసం ఆగకుండా, రేడియాలజిస్టు నేరుగా చికిత్స చేసే డాక్టరుకు ఫోన్ చేయాలి.