స్పీడ్ టెస్ట్ ఓకే, మరి ఆఫీస్ ఫోన్‌లో మాట ఎందుకు కట్ అవుతోంది?

"ప్లాన్ 100 ఎంబీపీఎస్. స్పీడ్ టెస్ట్ కూడా బాగానే వస్తోంది. అయినా కస్టమర్‌కి మా మాట ముక్కలు ముక్కలుగా వినిపిస్తోందట." ఇంటర్నెట్ మీద నడిచే ఐపీ ఫోన్లు వాడేవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. నిజానికి కాల్‌కి పెద్ద స్పీడ్ అక్కర్లేదు. జి.711 కోడెక్‌తో ఒక కాల్‌కి ఒక్కో వైపు 90 కేబీపీఎస్ లోపే సరిపోతుంది. కావాల్సింది ప్యాకెట్లు టైముకి చేరడం.

చూడాల్సిన మూడు నంబర్లు

ఫోన్ సాధారణంగా మన మాటని 20 మిల్లీసెకన్ల ముక్కలు చేసి, సెకనుకి 50 ప్యాకెట్లుగా పంపుతుంది.

- డిలే: ఒక వైపు 150 మిల్లీసెకన్ల లోపు ఉండాలన్నది ఐటీయూ సూచన. బాగా దాటితే ఇద్దరూ ఒకేసారి మాట్లాడేస్తుంటారు.
- జిట్టర్: ప్యాకెట్లు వచ్చే గ్యాప్‌లో తేడా. 30 మిల్లీసెకన్ల లోపు ఉంటే మంచిది.
- ప్యాకెట్ లాస్: 1 శాతం దాటకుండా చూసుకోండి.

వీటిని బట్టి సాఫ్ట్‌వేర్ 1 నుంచి 5 వరకు ఎంఓఎస్ స్కోర్ ఇస్తుంది. 4 పైన ఉంటే కాల్ బాగున్నట్టే.

ఎర్రగడ్డలో జరిగింది

ఛాతీ ఆసుపత్రి ఉన్న ఏరియా కదా, చుట్టుపక్కల డయాగ్నస్టిక్ సెంటర్లు ఉన్నాయి. అలాంటి ఒక సెంటర్‌లో నేను చూసిన సమస్య ఇది. "రేపు పరగడుపున రండి" అని రిసెప్షన్ వాళ్లు చెబితే, అవతల "రేపు... రండి" అనే వినబడేది. పేషెంట్ టిఫిన్ చేసి వచ్చేస్తాడు. టెస్ట్ ఇంకో రోజుకి వాయిదా, మళ్లీ ఆటో ఖర్చు.

ముందు అడగాల్సిన ప్రశ్న: ఎవరికి వినబడట్లేదు? ఇక్కడ రిసెప్షన్‌కి అంతా క్లియర్, అవతలివాళ్లకే కట్ అవుతోంది. అంటే అనుమానం అప్‌లోడ్ మీద. రెండో ప్రశ్న: ఎప్పుడు? రోజంతా పింగ్ నడిపితే మామూలుగా 12 మిల్లీసెకన్లు ఉండేది, కొన్నిసార్లు 300 దాటుతోంది. సరిగ్గా సీటీ స్కాన్ ఫైళ్లు బయటి రేడియాలజిస్ట్‌కి పంపే టైములోనే. పెద్ద ఫైల్ లైన్ నింపేస్తే మాట ప్యాకెట్లు దాని వెనక క్యూ కడతాయి. స్పీడ్ టెస్ట్ చేసినప్పుడు స్కాన్లేవీ వెళ్లట్లేదు, అందుకే దొరకలేదు.

ప్లాన్ మార్చలేదు. రౌటర్ క్యూఓఎస్‌లో అప్‌లోడ్ లిమిట్‌ని అసలు స్పీడ్‌లో 85 శాతానికి పెట్టి, డీఎస్‌సీపీ 46 మార్క్ ఉన్న వాయిస్ ప్యాకెట్లకి ఫస్ట్ ప్రయారిటీ ఇచ్చాం. తర్వాత స్కాన్ వెళ్తున్నా మాట కట్ అవ్వలేదు.

మిగతా లక్షణాలు

- ఒక వైపు అసలు సౌండే లేదా? రౌటర్‌లో సిప్ ఏఎల్‌జీ ఆఫ్ చేసి చూడండి.
- రెండు వైపులా కట్ అవుతోందా? ఫోన్‌ని వైఫై నుంచి తీసి కేబుల్‌కి పెట్టండి.
- మీ మాటే మీకు తిరిగి వినిపిస్తోందా? ఎక్కువసార్లు కారణం అవతలివాళ్ల స్పీకర్ వాల్యూమ్.

లోతుగా చూడాలంటే వైర్‌షార్క్ టెలిఫోనీ మెనూలో ఆర్‌టీపీ స్ట్రీమ్స్ ఓపెన్ చేయండి. ఒక్కో వైపు జిట్టర్, లాస్ విడిగా కనిపిస్తాయి. వారం పాటు టైము, ఏ వైపు సమస్య, ఈ నంబర్లు రాసి పెట్టుకోండి. సమస్య మీ ఆఫీస్ లోపల కాదని తేలితే, ప్రొవైడర్‌కి కంప్లైంట్‌తో పాటు ఆ లిస్టే పంపండి.