పాత క్వశ్చన్ పేపర్లు ఇవ్వాలా, దాచాలా?

సెమిస్టర్ ఎగ్జామ్స్ దగ్గర పడ్డాయి కదా, అందుకే ఈ ఎపిసోడ్.

ముందు నా సంగతి చెప్తా. ఫస్టియర్‌లో నేను డే స్కాలర్‌ని. బస్సులో రానూ పోనూ 3 గంటలు పోయేది. మ్యాథ్స్ టెక్స్ట్‌బుక్ మొదటి పేజీ నుంచి చదువుకుంటూ వెళ్లాను. హాల్లో చూస్తే వచ్చిన లెక్కలే, కానీ దేనికి ఎంత టైమ్ పెట్టాలో తెలీలేదు. సగం పేపర్ ఖాళీ. సబ్జెక్ట్ పోయింది.

బయటికొచ్చాక తెలిసింది, హాస్టల్ వాళ్ల దగ్గర 5 ఏళ్ల పేపర్లు ఉన్నాయని. సీనియర్లు ఇచ్చారట. అంతకుముందే నేను మా సార్‌ని అడిగితే, "ఇస్తే అవే బట్టీ పడతారు" అన్నారు.

సార్ భయం ఉత్తిదేం కాదు. అవే ప్రశ్నలు తిప్పి తిప్పి ఇస్తే ఎవరైనా బట్టీయే పడతారు. కానీ అది పేపర్ తయారుచేసే వాళ్లు మార్చుకోవాల్సిన విషయం. దాచినంత మాత్రాన పేపర్లు మాయమైపోవు. జిరాక్స్ షాపులో ఉంటాయి, సీనియర్ల ఫోన్లలో ఉంటాయి. సీనియర్లెవరూ తెలియని వాడికే దొరకవు.

పెద్ద పరీక్షలు చూడండి. యూపీఎస్సీ పాత పేపర్లను తన వెబ్‌సైట్‌లోనే పెడుతుంది. జేఈఈ అడ్వాన్స్‌డ్ పేపర్లూ అంతే. జీఆర్‌ఈ వాళ్లు ప్రశ్నల్ని మళ్లీ వాడుకుంటారు కాబట్టి బయటికి వదలరు, అది వేరే లెక్క. అయినా వాళ్లు కూడా ప్రాక్టీస్ టెస్టులు ఫ్రీగా ఇస్తారు.

ఇంకోటి. 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు, దిద్దిన ఆన్సర్ షీట్‌ని ఆర్టీఐ కింద చూసుకునే హక్కు రాసిన విద్యార్థికి ఉందని చెప్పింది. దిద్దిన పేపరే చూడొచ్చంటే, అయిపోయిన ప్రశ్నపత్రంలో రహస్యం ఏముంది?

అయితే పేపర్ దొరికింది కదా అని జవాబులు పక్కన పెట్టుకుని చదివితే లాభం లేదు. రోడిగర్, కార్పికే అనే ఇద్దరు సైకాలజిస్టులు 2006లో ఒక ప్రయోగం చేశారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివిన వాళ్లకి 5 నిమిషాల తర్వాత ఎక్కువ గుర్తుంది. వారం తర్వాత చూస్తే, పుస్తకం మూసి గుర్తుచేసుకుని రాసిన వాళ్లే ముందున్నారు. అందుకే ఫోన్ పక్కన పడేసి, టైమ్ పెట్టుకుని, పూర్తి పేపర్ రాయండి. సప్లీకి నేను అలా 4 పేపర్లు రాశాను, గట్టెక్కాను.

ఇప్పుడు మా బ్రాంచ్ పేపర్లన్నీ స్కాన్ చేసి జూనియర్ల గ్రూపులో పెట్టేశా. ఆ గ్రూపులో లేని వాళ్ల కోసం లైబ్రరీలో కూడా ఒక సెట్ ఇచ్చి వచ్చా.