మొన దాటిన మరమేకు

మా పాప చదువుకునే బల్లకు ఒక పక్క సొరుగులు, మరో పక్క కాళ్లు పెట్టుకునే ఖాళీ ఉంటాయి. కింద పడిన రబ్బరు ముక్క కోసం వంగి ఆ ఖాళీలో తడుముతుంటే నా వేలికి చురుక్కుమంది. టార్చి వేసి చూస్తే సొరుగుల వైపు పలకలోంచి ఆరు మరమేకుల మొనలు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి. ఒక్కో మొన చుట్టూ ప్లైవుడ్ పొర చిట్లి, పేళ్లు పువ్వు రేకుల్లా విచ్చుకున్నాయి. సరిగ్గా పిల్ల మోకాలు తగిలే ఎత్తు అది.

ఎలా జరిగిందో లెక్క వేస్తే తెలిసిపోయింది. సొరుగు జారే ఛానెల్‌ను లోపలి వైపు నుంచి బిగించారు. పలక మందం 12 మిల్లీమీటర్లు, ఛానెల్ రేకు 1 మిల్లీమీటరు. వాడిన మరమేకు పొడవు 19. మిగిలిన 6 మిల్లీమీటర్లు వెళ్లడానికి చెక్క లేదు కాబట్టి గాలిలోకి వచ్చాయి.

అంతగా గుచ్చుకునే ఆ మొన మరమేకుకు పుట్టుకతో వచ్చింది కాదు. మర అనే ఆలోచనకు రెండు వేల ఏళ్లు పైబడిన వయసు ఉంటే, మరమేకుకు మొన అమరి ఇంకా 200 ఏళ్లు కాలేదు. ఆ కథ తెలిస్తే బయటికొచ్చిన మొనను ఏం చేయాలో కూడా తెలుస్తుంది.

మర అంటే స్తంభానికి చుట్టిన వాలు దారి. తిరుమల కొండకు బస్సు నిటారుగా ఎక్కలేదు. ఘాట్ రోడ్డు మీద చుట్టూ తిరుగుతూ దూరం ఎక్కువ నడిచి, ఒక్కో అడుగుకు తక్కువ బలంతో పైకి చేరుతుంది. మరమేకు చెక్కలోకి దిగేదీ ఇలాగే. తల దగ్గర చెయ్యి ఒక పూర్తి చుట్టు తిరిగితే మేకు ముందుకు కదిలేది ఒకటి రెండు మిల్లీమీటర్లే. దూరంలో పోగొట్టుకున్నది బలంగా తిరిగి వస్తుంది. పాత గ్రీకు, రోమన్ లోకం ఈ సూత్రంతో నీళ్లు తోడింది, ఆలివ్ నూనె పిండింది. అప్పటి మరలు మనిషంత పెద్ద కొయ్య దుంగలు. రెండు ముక్కల్ని కలిపి పట్టుకునే చిన్న ఇనుప మర రావడానికి ఇంకా చాలా శతాబ్దాలు పట్టింది. 15వ శతాబ్దం చివర జర్మనీలో గీసిన ఒక చేతి బొమ్మల పుస్తకంలో మరలు కోసే లేత్ యంత్రం కనిపిస్తుంది. కవచాలకు, తుపాకులకు ఇలాంటి మరలు వాడేవారు. అవి చెక్క పనికి వచ్చింది ఆ తరవాతే.

చెక్కకు బిగించే మరమేకును మొదట్లో ఒక్కొక్కటిగా చేత్తో చేసేవారు. కమ్మరి ఇనుప కడ్డీని కొట్టి తల చేస్తాడు, తల మీద రంపంతో గాడి పెడతాడు. ఆ తరవాత ఆకురాయితో చుట్టూ మర గీయాలి. ఒక మేకుకే నిమిషాలు పట్టేవి, పైగా ఏ రెండూ ఒకలా వచ్చేవి కావు. 1760లో ఇంగ్లండులోని స్టాఫర్డ్‌షైర్‌కు చెందిన వ్యాట్ సోదరులు, జాబ్, విలియమ్, ఈ పనిని యంత్రంతో చేసే పద్ధతికి పేటెంటు పొందారు. నిమిషాల పని సెకన్లలోకి వచ్చింది.

అయినా ఆ మేకు చివర మొండిగానే ఉండేది. సుత్తి మేకును పెట్టి కొడితే దిగుతుంది కానీ మొండి మరమేకు దిగదు. ముందు తొరపణంతో దానికి సరిపడా బెజ్జం పెట్టాలి, ఆ తరవాతే మేకు నిలిపి తిప్పాలి. ఇది ఆలస్యపు పనే గానీ ఇందులో ఒక రక్షణ ఉంది. తొరపణం ఎంత లోతు వెళ్లిందో పనివాడి చేతికి తెలుస్తుంది, మేకు ఆ లోతు దాటి దానంతట అది దూసుకుపోలేదు.

ఈ ఆలస్యాన్ని తీసేసింది అమెరికా. 1846లో థామస్ స్లోన్ మొన ఉన్న మరమేకుకు పేటెంటు తీసుకున్నాడు. రోడ్ ఐలండ్‌లోని ప్రావిడెన్స్ నగరపు మరమేకుల కర్మాగారాల్లో ఇలాంటి మేకుల యంత్రాలు పదునెక్కాయి. ఆ మొనను దగ్గరగా చూస్తే ఒట్టి సూది కాదు. మర చుట్లు సన్నబడుతూ మొన దాకా పాకుతాయి. అంటే తొరపణం పనిని మేకే తలకెత్తుకుంది. మొన చెక్క నారల మధ్య సందు చేసుకుంటుంది, వెనకాల వచ్చే మర ఆ నారల్ని పక్కకు ఒత్తి గాడి చేస్తూ మేకును లోపలికి లాక్కుపోతుంది.

ఈ మేకు విలువ బ్రిటన్‌లో ముందుగా గ్రహించినవాడు బర్మింగ్‌హామ్‌లో మరలు చేయించే జాన్ సటన్ నెటిల్‌ఫోల్డ్. 1854లో ఆయన ఆ అమెరికన్ యంత్రాల హక్కులు తీసుకున్నాడు. దానికి కావలసిన పెట్టుబడి కోసం బావమరిది ఛాంబర్లేన్‌ను కలుపుకున్నాడు. ఆ కుటుంబం తరఫున వ్యాపారం చూడడానికి 18 ఏళ్ల కొడుకు జోసెఫ్‌ను బర్మింగ్‌హామ్ పంపారు. మరమేకుల కర్మాగారంలో ఎదిగిన ఆ కుర్రాడే తరవాత ఆ నగరానికి మేయరు, బ్రిటిష్ సామ్రాజ్యానికి వలసల మంత్రి అయిన జోసెఫ్ ఛాంబర్లేన్. నెటిల్‌ఫోల్డ్ సంస్థ 1902లో గెస్ట్, కీన్ అండ్ నెటిల్‌ఫోల్డ్స్‌లో కలిసింది. దాని శాఖగా మన దేశంలో ఎదిగిన గెస్ట్ కీన్ విలియమ్స్ సంస్థ చేసిన మరమేకుల మీద కూడా నెటిల్‌ఫోల్డ్ పేరు ఉండేది.

మేకు రెండో చివర, అంటే తల కథ కూడా గాయంతోనే మలుపు తిరిగింది. కెనడాలో పీటర్ రాబర్ట్‌సన్ అనే పనిముట్ల అమ్మకందారు ఒకసారి స్క్రూడ్రైవర్ పనితీరు చూపిస్తుండగా అది గాడిలోంచి జారి ఆయన చెయ్యి కోసింది. ఆ దెబ్బ తరవాత ఆయన 1908లో తల మధ్య చదరపు గుంట ఉన్న మరమేకును తెచ్చాడు. దానిలో స్క్రూడ్రైవర్ కుదురుగా కూర్చుంటుంది. 1936లో అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ ప్లస్ గుర్తు గుంటకు పేటెంట్లు పొందాడు. ఈ రోజు మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే తల అదే. ఇలా తల వైపు చేతిని కాపాడడానికి ఇంత ఆలోచన సాగింది. మొన వైపు అవతల ఎవరి చెయ్యి ఉంటుందన్న ఆలోచన మాత్రం బిగించేవాడికే మిగిలింది.

కరెంటు డ్రిల్ వచ్చాక ఆ ఆలోచన మరింత అవసరమైంది. చేత్తో తిప్పేటప్పుడు తల చెక్కను తాకగానే మణికట్టుకు బరువు తెలుస్తుంది, చెయ్యి ఆగుతుంది. డ్రిల్ ఆగదు. మెత్తటి ప్లైలో తల మరో రెండు మిల్లీమీటర్లు కూరుకుపోతుంది, మొన అవతలికి అంతే ముందుకు వెళ్తుంది. అందుకే డ్రిల్ ముందు భాగంలో అంకెలున్న రింగు ఉంటుంది. దాన్ని చిన్న అంకె మీద పెడితే తల ఆనగానే లోపలి పట్టు జారి తిరగడం ఆగిపోతుంది. చివరి రెండు చుట్లు చేత్తో బిగించడం ఇంకా మంచిది.

పొడవు లెక్కలోనూ ఒక తేడా గమనించాలి. చెక్కలో మునిగే చదును తల మేకుకు పొడవు తలతో కలిపి చెబుతారు. పైన ఉండిపోయే గుండు తల మేకుకు తల కింది నుంచి కొలుస్తారు. పై పలక దాటాక కింది పలకలో మూడింట రెండు వంతులు దిగితే సాధారణంగా చాలు, మొన ఉన్న మేకైతే దాని ముందు కనీసం మూడు మిల్లీమీటర్ల చెక్క మిగలాలి. 18 మిల్లీమీటర్ల పలకలు రెండు కలిపేటప్పుడు 30 పొడవు మేకు సరిపోతుంది. బజారులో 18 అని అమ్మే ప్లై నిజానికి అరో ఒకటో తక్కువ ఉండొచ్చు కాబట్టి టేపు పెట్టి కొలుచుకోవాలి. కొలిచే ఓపిక లేకపోతే పలకల అంచు పక్కన మేకును ఆనించి కంటితో చూసినా నిజం తెలుస్తుంది.

ఇన్ని చూసుకున్నా మొన బయటికి వస్తే ఎంత ప్రమాదం? మొన కొస పొడవూ వెడల్పూ మిల్లీమీటరులో పదో వంతు అనుకుందాం. దాని మీద కిలో బరువంత నొక్కు పడితే చదరపు మిల్లీమీటరుకు వంద కిలోల ఒత్తిడి అవుతుంది. చర్మం తట్టుకోలేదు. అదే మేకును కోసి కొసను చదును చేస్తే ఆనే చోటు ఐదు చదరపు మిల్లీమీటర్లు అవుతుంది, ఒత్తిడి ఐదు వందల రెట్లు తగ్గుతుంది. ఆకురాయి పది సార్లు లాగితే వచ్చే తేడా ఇది. గుచ్చుకున్న గాయం పైకి చిన్నదిగా కనిపించినా లోతుగా ఉంటుంది. ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవి మట్టిలో, దుమ్ములో ఉంటుంది, గాలి ఆడని లోతైన గాయంలో పెరుగుతుంది. తుప్పు లేని కొత్త మేకైనా సరే, సబ్బు నీళ్లతో కడిగి టీకా సంగతి డాక్టర్ని అడగాలి.

మొన కోస్తే పట్టు పోతుందేమోనని చాలామంది వెనకాడతారు. మరమేకు పట్టంతా చెక్కలో మునిగిన మర చుట్లది. బయటికి వచ్చిన భాగం దేన్నీ పట్టుకుని లేదు, కాబట్టి దాన్ని తీసేస్తే పోయేది ఏమీ లేదు.

చేయకూడని పని సుత్తితో కొట్టి వంచడం. మెత్తటి సుత్తి మేకునైతే పాతకాలంలో వంచి చెక్కలోకి దిగగొట్టేవారు. మరమేకు వంగితే కొక్కెంలా తయారై బట్టను, చర్మాన్ని పట్టి లాగుతుంది. నల్లగా ఉండే జిప్సం బోర్డు మేకులు గట్టిపరిచిన ఉక్కువి, అవి పుటుక్కున విరిగి ఎగురుతాయి. మొన మీద టేపు, జిగురు బొట్టు ఒకటి రెండు రోజులకే పనికొస్తాయి, రాపిడికి మొన మళ్లీ బయటపడుతుంది.

తల అందని చోట మొన వైపు నుంచే కోయక తప్పదు. కళ్లద్దాలు పెట్టుకుని, పలక మీద బెజ్జం ఉన్న రేకు ముక్క పరిచి, యాక్సా బ్లేడుతో నిదానంగా కోయాలి. కటింగ్ ప్లేయర్ వాడితే తెగే ముక్క ఎగరకుండా గుడ్డ కప్పాలి. గ్రైండర్ త్వరగా కోస్తుంది కానీ నిప్పురవ్వలు పొట్టు మీద పడితే అంటుకుంటుంది, మేకు వేడెక్కి చుట్టూ చెక్క మాడుతుంది. పొట్టు ఊడ్చి, కొంచెం కొంచెంగా ఆనించి తీస్తూ, చల్లారాక ఆకురాయి పట్టాలి. కోయడానికీ వీలు లేకపోతే మొనలన్నీ మునిగేంత మందమున్న చెక్క బద్దీకి బెజ్జాలు పెట్టి జిగురుతో అతికించవచ్చు.

మా బల్లకు ఆ అవసరం రాలేదు. సొరుగు లాగేస్తే తలలు అందాయి. ఆరు మేకులూ విప్పాను. 12 మిల్లీమీటర్ల పాత ప్లై ముక్కలోకి వాటిని తల ఆనే వరకు దింపి, అవతల వచ్చిన మొనల్ని బ్లేడుతో కోసి, ప్లైకి సమానంగా ఆకురాయి పట్టాను. అంటే ప్రతి మేకూ ఇప్పుడు సరిగ్గా 12 మిల్లీమీటర్లు. ఛానెల్ రేకు ఒకటి తీసుకుంటుంది, పలకలో 11 దిగుతుంది, అవతలి పక్కకు ఒక మిల్లీమీటరు తక్కువలో ఆగుతుంది.

పాత బెజ్జంలో పెట్టి మొదట వెనక్కి తిప్పాను. ఒకచోట మేకు చిన్నగా టక్కుమని లోపలికి దిగింది. పాత గాడిలో మర కూర్చుందన్న గుర్తు అది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే వేళ్లతోనే దారి పట్టింది. కొత్త గాడి కోయలేదు, చెక్క చిట్లలేదు, పట్టు సడలలేదు. 19వ శతాబ్దపు మొన దారి వేసి పెట్టింది, ఆ దారిలో 18వ శతాబ్దపు మొండి మేకు కూర్చుంది. పైగా అంతే పొడవున్న మొన మేకు కన్నా ఇదే గట్టిగా పట్టుకుంటుంది. మొన మేకులో కొస భాగం సన్నబడి సరిగా పట్టుకోదు, మొండి మేకులో మర చివరి దాకా నిండుగా ఉంటుంది.

చిట్లిన పేళ్లు తీసేసి, బెజ్జాలు లప్పంతో పూడ్చి, ఆరాక ఉప్పుకాగితం రుద్దాను. తరవాత టార్చి పక్కన పెట్టి, మొదట వేలికి గుచ్చుకున్న చోటే అరచెయ్యి ఆనించి ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా జరిపాను. ఏమీ తగల్లేదు. ఆరు మొనలూ ఒక సీసా మూతలో ఉన్నాయి. వాటిని కాగితంలో మడిచి, టేపు చుట్టి, చెత్త తీసేవాళ్ల చేతికి కూడా గుచ్చుకోకుండా డబ్బాలో పెట్టి మూత బిగించాను.