సైకిల్‌కు చిక్కంతా కూడలి దగ్గరే



ఆరేడు తరగతులకు వచ్చేసరికి చాలామంది పిల్లలు సైకిల్ మీదే స్కూలుకు వెళ్తామని పట్టుబడతారు. "ఎడమ అంచునే పోరా" అని చెప్పి పంపిస్తాం. తిన్నటి రోడ్డు మీద ఆ జాగ్రత్త చాలు. కూడలికి వచ్చాక ఆ ఎడమ అంచే ప్రమాదం.

బాబు తిన్నగా వెళ్లాలి, పక్కనున్న లారీ ఎడమకు తిరగాలి అనుకోండి. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. ఎడమ పక్కన, అద్దం కిందుగా ఉన్న సైకిల్ అతనికి కనబడకపోవచ్చు. పైగా పెద్ద బండి తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, మూలకు ఇంకా దగ్గరగా జరుగుతాయి. లారీ ముందు భాగం దాటిపోయింది కదా అని బాబు కదిలితే వెనుక చక్రాల దగ్గర ఇరుక్కుంటాడు. మన స్కూలు బస్సుకూ ఇదే వర్తిస్తుంది.

67వ జాతీయ రహదారి ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగానే వెళ్తుంది కాబట్టి పెద్ద బండ్లు తప్పవు. ఇక మలుపు ఎంత విశాలంగా ఉంటే బండి అంత వేగంగా తిరుగుతుంది. పులివెందుల రింగురోడ్డు కూడళ్ల దగ్గర ఐదు నిమిషాలు నిలబడి చూడండి.

నెదర్లాండ్స్‌లో 1971లో రోడ్డు ప్రమాదాల్లో 400 మందికి పైగా పిల్లలు చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి నిలదీశారు. ఇప్పుడు అక్కడి చాలా కూడళ్లలో మూలన చిన్న దిమ్మె ఉంటుంది. దానివల్ల బండి నెమ్మదిగా తిరగక తప్పదు. సైకిళ్లు దాటే చోటును మూల నుంచి సుమారు 5 మీటర్లు, అంటే ఒక కారు పొడవు, వెనక్కి జరుపుతారు. డ్రైవరు తిరిగాక సైకిల్ పక్కన కాదు, ఎదురుగా కనబడుతుంది.

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో సోలార్ పైకప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. మంచిదే, వ్యాయామానికి బాగుంటుంది. బడికి వెళ్లే దారి మాత్రం కూడళ్లు దాటకుండా ఉండదు కదా! మన మున్సిపాలిటీలను అడగాల్సింది అంత పెద్ద ట్రాక్ కాదు. స్కూళ్ల దగ్గరి కూడళ్లలో దిమ్మెలు, పెయింటు గీతలు, మూలన ఆటోలు, తోపుడు బండ్లు నిలవకుండా కొంత ఖాళీ. పిల్లల్ని దింపేటప్పుడు మన కార్లు ఆపేదీ ఆ మూలనే అని ఒప్పుకోవాలి.

ఈ ఆదివారం ఉదయం మీ పాపతోనో బాబుతోనో స్కూలు దాకా సైకిల్ దారిని ఒకసారి చూసి రండి. లారీ పక్కన ఆగకుండా దాని వెనకే ఆగడం, ఎడమ ఇండికేటర్ వెలిగితే బండి పూర్తిగా తిరిగేదాకా కదలకపోవడం అక్కడికక్కడే చేయించి చూపండి.