లక్షా ఇరవై వేల మైళ్ల ఇంజిన్‌కి నైట్రస్ పెట్టొచ్చా?

ఓడోమీటర్ మీద 1,20,000 మైళ్లు, మన లెక్కలో దాదాపు 1,93,000 కిలోమీటర్లు. బండి 2001 మోడల్ షెవర్లే కార్వెట్. బానెట్ కింద 5.7 లీటర్ల ఎల్‌ఎస్‌1 వీ8, కొత్తలో 350 హార్స్‌పవర్. అమెరికాలో ఇలాంటి పాత కారు కొన్నవాళ్లకు చవకగా ఇంకో వంద హార్స్‌పవర్ కావాలనిపిస్తే ముందు గుర్తొచ్చేది నైట్రస్ కిట్. ఆ వెంటనే వచ్చే భయం: ఇన్ని మైళ్లు తిరిగిన ఇంజిన్ తట్టుకుంటుందా? నన్నడిగితే ఓడోమీటర్ అంకెకు అంత విలువ లేదు. తేల్చే అంకెలు వేరే ఉన్నాయి.

నైట్రస్ ఆక్సైడ్ తనంతట తాను పెట్రోల్‌లా మండేది కాదు, ఆక్సిజన్‌ని మోసుకొస్తుందంతే. గాలి బరువులో ఆక్సిజన్ 23 శాతమైతే నైట్రస్‌లో 36 శాతం. మన ఎల్‌ఎస్‌1 6000 ఆర్‌పీఎం దగ్గర సెకనుకి సుమారు 300 గ్రాముల గాలి పీలుస్తుంది, అందులో ఆక్సిజన్ 70 గ్రాములు. వంద హార్స్‌పవర్ అదనంగా ఇచ్చే '100 షాట్' అంటే స్థూలంగా 10 సెకన్లకు ఒక పౌండు, అంటే సెకనుకి 45 గ్రాముల నైట్రస్. దాంతో మరో 16 గ్రాముల ఆక్సిజన్ వచ్చి చేరుతుంది. పైగా మైనస్ 88 డిగ్రీల సెల్సియస్ దగ్గరే మరిగే ద్రవం కాబట్టి లోపలికి వెళ్లే గాలిని చల్లబరిచి చిక్కగా చేస్తుంది. అదనపు ఆక్సిజన్‌కి తగ్గ అదనపు పెట్రోల్ అందితే హార్స్‌పవర్, అందకపోతే కరిగిన పిస్టన్.

కిట్ కొనేముందు చేయించాల్సింది లీక్‌డౌన్ టెస్ట్. పిస్టన్‌ని పైకి తెచ్చి, రెండు వాల్వులూ మూసుకున్న స్థితిలో స్పార్క్ ప్లగ్ రంధ్రం నుంచి 100 పీఎస్‌ఐ గాలి ఎక్కిస్తారు. సిలిండర్‌లో నిలిచిన ఒత్తిడిని చూపే రెండో గేజ్ 95 చూపిస్తే 5 శాతం కారుతున్నట్టు. 10 లోపు ఉంటే నిశ్చింతగా ముందుకెళ్లొచ్చు. 20 దాటితే నైట్రస్ మాట మరిచిపోయి ఇంజిన్ విప్పించాలి. అంకెతో పాటు చెవి కూడా పెట్టాలి. బుస్సుమనే శబ్దం సైలెన్సర్‌లోంచి వస్తే ఎగ్జాస్ట్ వాల్వు, థ్రాటిల్ దగ్గర వస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే మూత తీసినప్పుడు వస్తే పిస్టన్ రింగులు. రేడియేటర్‌లో బుడగలు లేస్తే హెడ్ గాస్కెట్. ఎనిమిది సిలిండర్లలో ఏడు బాగుండి ఒక్కటి తేడాగా ఉన్నా ఆ ఒక్కదాని మాటే వినాలి. నైట్రస్ సగటు చూసి పనిచేయదు.

అరుగుదల కొద్దిగా మేలు చేసే చోటు కూడా ఒకటుంది. రింగు రెండు కొనల మధ్య సందు సాధారణ ఇంజిన్‌కి బోర్ అంగుళానికి 4 వేలవ వంతుల చొప్పున ఇస్తారు. 99 మిల్లీమీటర్ల బోర్‌కి అది 0.4 మిల్లీమీటర్. నైట్రస్ వేడికి రింగు వ్యాకోచిస్తుంది కాబట్టి 0.6 దాకా కావాలంటారు. సందు చాలకపోతే కొనలు ఢీకొని పిస్టన్ అంచు విరుగుతుంది. పాత ఇంజిన్‌లో ఆ సందు కాస్త పెరిగే ఉంటుంది. అయితే ఆ దారిలోనే ఆయిల్ పైకొస్తుంది. ఆయిల్ కలిస్తే పెట్రోల్ ఆక్టేన్ పడిపోయి నాకింగ్, అంటే మిశ్రమం అదుపు తప్పి తనంతట తానే పేలడం, మొదలవుతుంది. పీసీవీ గొట్టంలోంచి ఆయిల్ తాగే అలవాటు ఎల్‌ఎస్‌1కి ఎలాగూ ఉంది. అందుకే ముందు ఆ గొట్టానికి ఆయిల్‌ని పట్టి ఉంచే ఒక క్యాచ్ క్యాన్ తగిలించాలి.

ఇంజిన్‌కన్నా ముందు ముసలిదయ్యేది ఫ్యూయల్ పంప్. 350 నుంచి 450కి వెళ్తున్నామంటే 29 శాతం ఎక్కువ పెట్రోల్ కావాలి. ఎల్‌ఎస్‌1లో ఫ్యూయల్ ప్రెజర్ 58 పీఎస్‌ఐ ఉండాలి. ఫుల్ థ్రాటిల్‌లో అది 50కి జారితే పెట్రోల్ 7 శాతం తగ్గినట్టే. నైట్రస్ మాత్రం తగ్గదు. కొత్త పంప్, కొత్త ఫిల్టర్ వేసి, ప్రెజర్ పడిపోగానే నైట్రస్‌ని ఆపేసే స్విచ్ ఒకటి పెట్టించడం కిట్‌తో పాటే కావాల్సిన ఖర్చు. అక్కడ డబ్బు మిగుల్చుకుందామనుకునేవాళ్లు అసలు కిట్టే కొనకపోవడం మేలు.

ఇక చాలామంది పట్టించుకోని లెక్క. నైట్రస్‌ని వదిలే చిన్న రంధ్రమైన జెట్‌కి ఆర్‌పీఎంతో పనిలేదు, ఇంజిన్ ఎంత వేగంగా తిరిగినా సెకనుకి అదే 45 గ్రాములు వదులుతుంది. 6000 దగ్గర ఒక్కో సిలిండర్ సెకనుకి 50 సార్లు మండుతుంది, ఒక్కో దెబ్బకి 0.11 గ్రాముల నైట్రస్. 2000 దగ్గర మండేది 17 సార్లే కాబట్టి దెబ్బకి 0.34 గ్రాములు, మూడు రెట్లు. టార్క్‌లో చూస్తే అదే 100 హార్స్‌పవర్ 6000 దగ్గర 119 న్యూటన్ మీటర్లు, 3000 దగ్గర 237, 2000 దగ్గర 356. ఇంజిన్ సొంత గరిష్ఠ టార్క్ 500కి అటూఇటూ. కనెక్టింగ్ రాడ్లు వంగేది ఈ తక్కువ వేగాల్లోనే. పెట్రోల్‌ని కూడా తనే చల్లే వెట్ కిట్ అయితే తక్కువ వేగంలో అది ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో మడుగు కడుతుంది. ఒక్క బ్యాక్‌ఫైర్ చాలు, ఎల్‌ఎస్‌1 ప్లాస్టిక్ మానిఫోల్డ్ పగిలిపోవడానికి. కాబట్టి 3000 కింద, రెడ్‌లైన్‌కి 300 ముందు నుంచి పైన నైట్రస్‌ని అడ్డుకునే విండో స్విచ్ తప్పనిసరి.

బాటిల్ ప్రెజర్ 900 నుంచి 950 పీఎస్‌ఐ మధ్య ఉండాలి. అది దాదాపు 30 డిగ్రీల సెల్సియస్ దగ్గర వచ్చే అంకె. సున్నా డిగ్రీల్లో 450 మాత్రమే. టెక్సస్ ఎండలో డిక్కీలో పెట్టిన బాటిల్ 1100 దాటితే నైట్రస్ 10 శాతం ఎక్కువ పారుతుంది, పెట్రోల్ మాత్రం అంతే, మిశ్రమం పలచబడుతుంది. చలికాలంలో హీటర్ బెల్టు వాడాలి. మంటతో బాటిల్ వేడిచేసేవాళ్లకు మాత్రం దూరంగా నిలబడండి.

ఇగ్నిషన్ టైమింగ్‌ని ప్రతి 50 హార్స్‌పవర్‌కి 2 డిగ్రీల చొప్పున వెనక్కి తియ్యాలి, అంటే మనకు 4. ప్లగ్‌లు ఒక మెట్టు చల్లటివి, అమెరికా బంకుల్లో దొరికే 93 ఆక్టేన్ పెట్రోల్. మొదటిసారి 100 కాకుండా 50 జెట్‌తో పరుగెత్తించి, ప్లగ్ విప్పి భూతద్దంతో చూడాలి. తెల్లటి పింగాణీ మీద మిరియం పొడి చల్లినట్టు నల్లచుక్కలుంటే నాకింగ్. వెండిలా మెరిసే నలుసులు కనిపిస్తే అవి పిస్టన్ అల్యూమినియం, అక్కడితో ఆపేయాలి.

10 పౌండ్ల బాటిల్ లెక్కప్రకారం 100 సెకన్లు వస్తుంది. చివర్లో ప్రెజర్ పడిపోతుంది కాబట్టి పావుమైలు డ్రాగ్ స్ట్రిప్ మీద ఆరు పరుగులు అనుకోవచ్చు. ఒక్కో పరుగులో ఆదా అయ్యేది సుమారు ఒక సెకను. రోడ్డు మీద వాడకం గురించి అమెరికాలో రాష్ట్రానికో నిబంధన ఉంది. ఇది చదివి హైదరాబాద్ ఔటర్ మీద ప్రయత్నిద్దామనుకునేవాళ్లకు మాత్రం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. అనుమతి లేని మార్పు ఒక్కోదానికి రూ.5,000 జరిమానా గానీ, 6 నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.